కంబోడియాలో పాప పుట్టినరోజు: అక్కడి అనాథాశ్రమంలో చేయించొచ్చా?

కూకట్‌పల్లి_పిన్ని అడిగారు:

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో నేను, మావారు, పాప, మా అత్తగారు బ్యాంకాక్ మీదుగా సియెం రీప్ వెళ్తున్నాం. అంగ్‌కోర్‌వాట్ విష్ణుమూర్తి గుడి అని మా అత్తగారు ఎక్కడో విన్నారు, అప్పట్నుంచీ ఒకటే పోరు. అక్కడ ఉండగానే పాపకి తొమ్మిది నిండుతాయి.

ప్రతి పుట్టినరోజుకీ మియాపూర్ వైపు ఒక ఆశ్రమంలో పిల్లలకి భోజనం పెట్టించడం మాకు అలవాటు. పాపే తన చేత్తో వడ్డిస్తుంది. ఈసారీ అది తప్పకూడదని ఆన్‌లైన్‌లో వెతికితే సియెం రీప్‌లోనూ ఆశ్రమాలు కనిపించాయి. ఒకళ్ళకి మెయిల్ పెడితే గంట తిరక్కుండా జవాబొచ్చింది. కేకు తెచ్చుకోవచ్చట, పిల్లలు డాన్స్ చేసి చూపిస్తారట, 50 కిలోల బియ్యం బస్తా ఇస్తే చాలట. పాపకి పొట్టయిన బట్టలు ఓ పన్నెండు కిలోలు, నోటుబుక్కులు అరవై సర్ది పెట్టాను.

ఇంకోటి. గుళ్ళ దగ్గర చిన్న పిల్లలు పోస్టుకార్డులు, గాజులు పట్టుకుని వెంటపడతారని చదివాను. ఇవ్వాలా వద్దా? మా అత్తగారు చెయ్యి చాచినవాళ్ళకి లేదనలేరు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

చిల్లర_శ్రీను:

ఒక డాలరు నోట్లు ఓ యాభై తీసుకెళ్ళండి. చిరిగినవి, గీతలు గీసినవి అక్కడ ఎవరూ తీసుకోరు, ఇక్కడే చూసుకుని తీసుకోండి. పిల్లకొకటి చొప్పున ఇచ్చుకుంటూ పోతే సరి. పుణ్యానికి పోతూ ఇంత ఆలోచన ఎందుకండీ.

తాటిబెల్లం:

శ్రీను గారూ, చిరిగిన నోట్ల మాట నిజం. మిగతాది కాదు.

పిన్నిగారూ, మీరు రాసింది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. సరిగ్గా మీరు చేద్దామనుకున్నదే నేను చేశాను కాబట్టి. మాది ఏలూరు. 2014 నుంచి 2020 దాకా అక్కడి రాజధాని నామ్‌పెన్ శివార్లలో ఒక బట్టల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూశాను. 2015లో మా పెద్దదానికి ఏడో ఏడు. ఊళ్ళో ఉండగా మేమూ ఆశ్రమంలో భోజనాలు పెట్టించేవాళ్ళం. ఇక్కడ మాత్రం ఎందుకు మానాలని, ఫ్యాక్టరీకి ముప్పావు గంట దూరంలో ఒక ఆశ్రమం చూసుకుని, గులాబీ రంగు క్రీము కేకు పట్టుకుని ఆదివారం పొద్దున్నే వెళ్ళాం.

గేటు తీయగానే నలభై మంది పిల్లలు. ఆరేళ్ళ పిల్లొకతె పరిగెత్తుకొచ్చి నా కాలు వాటేసుకుంది. నా ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళు. పాటలయ్యాయి, డాన్సయింది, కేకు కోశాం. ఆ పిల్ల మాత్రం తన ముక్క తినలేదు. జేబులోంచి పాలిథిన్ కవరు తీసింది, ముందే మడిచి పెట్టుకుందన్నమాట. క్రీము నలక్కుండా ముక్కని అందులోకి జార్చి, మూతి ముడేసి, గౌనులో దాచుకుంది. ఎవరికే అని సైగ చేస్తే "మాక్" అంది. అక్కడి భాష ఖ్మేర్‌లో నాకు వచ్చిన ఇరవై ముప్ఫై మాటల్లో అదొకటి. మా ఫ్యాక్టరీలో ఆడపిల్లలు ఫోను ఎత్తగానే అనే మొదటి మాట. మాక్ అంటే అమ్మ.

అనాథాశ్రమంలో పిల్ల, కేకు అమ్మకి. అక్కడి మేనేజర్ని అడిగితే నవ్వేసి, బియ్యం బస్తా ఎక్కడ దింపమంటారని అడిగాడు. బయటికొచ్చాక మా డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు: ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నా ఉన్నారు, ఆ పిల్ల తల్లి నెలకోసారి వచ్చి చూసి వెళ్తుంది, బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది అని. మా ఫ్యాక్టరీ కాదు. ఐతేనేం, ఆ నెల మా దగ్గర జీతాల షీటు వేసింది నేనే. అప్పటికి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం నెలకి 128 డాలర్లు. ఓవర్‌టైమ్ చేస్తే 170, 180. అందులో గది అద్దె, ఊరికి పంపేది పోగా పిల్లని చూసుకునే మనిషిని ఎక్కడ పెట్టుకుంటుంది? ఆశ్రమంవాళ్ళు ఊళ్ళోకి వచ్చి బడి, అన్నం, ఇంగ్లీషు మా పూచీ అంటే పంపేసింది. మనం పిల్లల్ని హాస్టల్లో వేసినట్టే. తేడా ఒక్కటి: మన హాస్టల్లో వారం వారం కొత్తవాళ్ళు వచ్చి పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు తీసుకోరు. మేం గేటు దాటుతుంటే ఇంకో వ్యాను లోపలికొచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. అదే పిల్ల, ఇంకొకాయన కాలు వాటేసుకుని ఉంది.

ఇది ఒక్క ఆశ్రమం గోల కాదు. 2005 నుంచి 2010 లోపు కంబోడియాలో ఇలాంటి ఆశ్రమాలు 75 శాతం పెరిగాయని యునిసెఫ్ చెప్పింది. ఆ అయిదేళ్ళలో అక్కడ పెద్ద యుద్ధమూ లేదు, పెద్ద కరువూ లేదు. పెరిగింది టూరిస్టులు. ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. తర్వాత ప్రభుత్వమే ఊరూరా లెక్క తీస్తే 406 సంస్థలు, 16,579 మంది పిల్లలు తేలారు. పిల్లల్ని ఇళ్ళకి చేర్చే పని అప్పట్నుంచీ నడుస్తోంది. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, ఇలా పిల్లల్ని ఆశ్రమాలకి తోలడాన్ని కూడా అందులో లెక్కలోకి తీసుకున్నారు. అన్నీ మోసాలే అనను, నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉంటారు. కానీ మెయిల్ పెట్టిన గంటకి, మీరెవరో ఏమిటో కనుక్కోకుండా, డాన్స్ చూపిస్తాం రండి అన్న చోటు గురించి నన్నడిగితే నేను వెళ్ళను. మీ పాప బడికి ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కేకుతో వస్తే లోపలికి రానిస్తారా?

ఇక పోస్టుకార్డుల పిల్లలు. వాళ్ళు ముద్దొస్తారు, ఆ ముద్దే వాళ్ళ పెట్టుబడి. "ఇండియా? క్యాపిటల్ న్యూఢిల్లీ!" అంటారు, అన్ని దేశాల రాజధానులూ నోటికొచ్చు. వాళ్ళ దగ్గర కొనకండి. నేను చెప్పడం కాదు, అంగ్‌కోర్ గుళ్ళని చూసుకునే అప్సరా సంస్థ యాత్రికులకి పెట్టిన నియమాల్లోనే ఉంది: పిల్లల దగ్గర కొన్నా, మిఠాయో డబ్బులో ఇచ్చినా బడి మానేసి అడుక్కోవడానికే అలవాటు పడతారని. బాగా అమ్మే పిల్లని ఏ తల్లి బడికి పంపుతుంది చెప్పండి. పన్నెండేళ్ళు దాటాక ముద్దు పోతుంది, అమ్మకం పోతుంది, అప్పటికి చదువూ ఉండదు.

అయితే ఏమీ ఇవ్వొద్దా అంటారు. ఇవ్వండి, పెద్దవాళ్ళకి ఇవ్వండి, వాళ్ళు చేసే పనికి ఇవ్వండి. మనవాళ్ళ జబ్బొకటి చెప్తాను, తిట్టుకోకండి. టుక్‌టుక్ (అక్కడి ఆటో) వాడు రోజుకి 20 డాలర్లంటే 14కి దిగేదాకా వదలం. బజార్లో ముసలావిడ కండువా 4 అంటే 2కి అడుగుతాం. సాయంత్రం ఆశ్రమానికి వెళ్ళి 100 రాసిస్తాం. ఆ టుక్‌టుక్ వాడి పిల్లే ఆ ఆశ్రమంలో ఉంటే? అక్కడ చాలామంది బండి అప్పు మీద కొంటారు, పొలం పట్టా మైక్రోఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఉంటుంది. 2010లో ఇలాంటి మైక్రోఫైనాన్స్ అప్పులతో మన ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో, వాటి మీద అక్టోబరులో ఆర్డినెన్సు ఎందుకు తేవాల్సి వచ్చిందో గుర్తున్నవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఒకే మనిషిని మూడు రోజులకీ మాట్లాడుకోండి, అడిగింది ఇవ్వండి. భాష రాకపోయినా "బోంగ్" అనండి, మన అన్నా అక్కా రెండూ అదే.

బంతెయ్ స్రెయ్ గుడికి వెళ్ళే దారిలో ప్రెయా దాక్ అని ఊరొస్తుంది. రోడ్డు పక్కనే పొయ్యిల మీద పెద్ద మూకుళ్ళు పెట్టి తాటి పాకం కాస్తుంటారు. అదే మన తాటిచెట్టు, అదే వాసన. బిళ్ళలు పోసి తాటాకులో చుట్టి ఇస్తారు. మీ అత్తగార్ని అక్కడ దింపండి, ఆవిడ ఇక బేరం మాటే ఎత్తరు. నా పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది కదా.

పుట్టినరోజు సాయంత్రం ఫారే సర్కస్‌కి వెళ్ళండి. జంతువులుండవు, అంతా కుర్రాళ్ళే. 1994లో, శరణార్థి శిబిరాల నుంచి తిరిగొచ్చిన యువకులు బత్తంబాంగ్‌లో పెట్టుకున్న బడి అది, బొమ్మలు, సంగీతం, సర్కస్ నేర్పుతారు. అక్కడ నేర్చినవాళ్ళు 2013 నుంచి సియెం రీప్‌లో రోజూ ఆడుతున్నారు. టికెట్ డబ్బు వాళ్ళ జీతం, ఆ బడి ఖర్చు. మీ పాపకి జాలి పడే పని ఉండదు, నోరు తెరుచుకుని చూడటమే.

బట్టలు మాత్రం మోసుకెళ్ళకండి. మీ వీధిలోనే ఎవరికైనా ఇవ్వండి. బట్టలు కుట్టే దేశానికి పాత బట్టలు పట్టుకెళ్ళడమేంటండీ.

బెజవాడ_బామ్మర్ది:

బట్టల మాట చదివి నవ్వాగలేదు, మేమూ ఒక సూట్‌కేసు పట్టుకెళ్ళాం.

నాది ఇంకో అనుభవం. సియెం రీప్‌లో బార్లుండే పబ్ స్ట్రీట్ దగ్గర పదేళ్ళ పిల్ల, చంకలో నెలల బిడ్డ. "డబ్బులొద్దు సార్, పాలు కావాలి" అంది. డబ్బులొద్దనగానే నాకు నమ్మకం కుదిరిపోయింది. తనే చెయ్యి పట్టుకుని ఒక కొట్టుకి తీసుకెళ్ళింది, తనే పెద్ద డబ్బా చూపించింది, 26 డాలర్లు. కొనిచ్చాను. డబ్బా మీద ధర చీటీ మూల చిరిగి ఉంది, దాన్నే చూస్తూ డబ్బులు లెక్కపెట్టాను కాబట్టి గుర్తు. మర్నాడు రాత్రి మంచినీళ్ళ సీసా కోసం అదే కొట్టుకెళ్తే అదే షెల్ఫులో అదే చిరిగిన చీటీ. బిడ్డ సంగతే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అంత హోరు పాటల్లో, రెండు రాత్రులూ, ఒక్కసారి కళ్ళు తెరవలేదు.

పడవలో తోన్లే సాప్ సరస్సు మీదికి వెళ్తే బడిపిల్లలకని నోటుబుక్కుల కట్ట కొనమని దారిలో ఒక కొట్టు దగ్గర ఆపుతారు. మేం వెళ్ళినప్పుడూ ఆపారు. అప్పటికి పాలడబ్బా అయింది కాబట్టి దిగలేదు.

కరీంనగర్_కాక:

తాటిబెల్లం అన్నా, నువ్వు జెప్పింది మంచిగనే ఉన్నది. కని ఒక్క మాట. నేను ఎనిమిదేండ్లు దుబాయ్‌ల సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉన్న. రంజాన్ నెల వస్తే పొద్దుగూకంగ కార్లు వచ్చేటివి, బిర్యానీ ప్యాకెట్లు పంచేటోళ్ళు. మేము లైన్ల నిలవడేది. ఒకసారి ఒకామె ప్యాకెట్ ఆమె పిల్లగాని చేతికిచ్చి నా చేతుల పెట్టిపిచ్చింది, ఆమె మొగడు ఫోటో దీసిండు. ఆ పిల్లగాడు నా మొకం సూడలే, ఫోన్ దిక్కే సూసిండు. జర ఎట్లనో అయింది. అయినా తిన్న. మా కంపెనీ రెండు నెలల సంది జీతమియ్యలేదు. నువ్వన్నట్టు జీతాలు మంచిగయేదాక ఆగుమంటే ఆ రాత్రి నేనేం తినాలె? ఆలోచనపరులు ఎక్కువైతె ఆకలైనోనికి బువ్వ దొరకదు.

తాటిబెల్లం:

కాకా, ఫోటో సంగతి నేను రాయాల్సింది. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, గులాబీ కేకు, మా అమ్మాయి, వెనకాల నలభై మొహాలు. ఒక్కరి పేరూ మాకు తెలియదు. గోడ మీంచి తీసేశాం గానీ పారేయలేకపోయాం.

మీ మాట కాదనను. పెద్ద మనిషి ఆకలని చెయ్యి చాస్తే పెట్టండి, అక్కడ లెక్కలొద్దు. నేను భయపడేది వేరే. మీరు ప్యాకెట్ కోసం దుబాయ్ వెళ్ళలేదు, జీతం కోసం వెళ్ళారు, ప్యాకెట్ దారిలో వచ్చింది. ఈ పిల్లల్ని ఆ ప్యాకెట్ కోసమే తెచ్చి లైన్లో నిలబెడుతున్నారు. లైను పొడుగైనకొద్దీ ఇంకొందర్ని తెస్తారు.

పెద్దవాళ్ళంటే గుర్తొచ్చింది. తా ప్రోమ్ గుడికి నడిచే దారిలో మందుపాతరల్లో కాళ్ళు పోయినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు చెట్టు కింద చాప వేసుకుని వాయిస్తుంటారు. వాళ్ళ దగ్గర ఆగండి. వినండి, వినకుండా వేసి పోకండి. శ్రీను గారి ఒకట్ల కట్ట అక్కడ పనికొస్తుంది.

ఇంకోటి, పిన్నిగారూ, ఇది మీవారికి చెప్పండి. బీట్ రిష్నర్ అని స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు ఉండేవారు. ఖ్మేర్ రూజ్ (1975లో అధికారం పట్టిన పోల్ పాట్ దళం) రాకముందు నామ్‌పెన్‌లో పనిచేసి, వాళ్ళొచ్చాక వెళ్ళిపోవాల్సి వచ్చి, మళ్ళీ తిరిగొచ్చి 1992లో కాంథా బోఫా పిల్లల ఆస్పత్రిని మళ్ళీ తెరిచారు. వైద్యం ఉచితం. 1999లో సియెం రీప్‌లో ఇంకోటి కట్టి జయవర్మన్ 7 పేరు పెట్టారు. ఆ రాజు పన్నెండో శతాబ్దంలో రాజ్యమంతా 102 ఆస్పత్రులు నడిపాడని తా ప్రోమ్ శాసనంలో ఉంది, సంస్కృతంలో, ఆరోగ్యశాలలనే మాటతోనే. రిష్నర్ శనివారాలు చెల్లో వాయించి టూరిస్టుల్ని అడిగేవారు: కుర్రాళ్ళు రక్తం ఇవ్వండి, పెద్దవాళ్ళు డబ్బులివ్వండి, నడిమి వయసువాళ్ళు రెండూ ఇవ్వండని. 2018లో పోయారు. ఆస్పత్రి నడుస్తోంది, డెంగీ రోజుల్లో రక్తం ఎంతున్నా చాలదు. మీ అంగ్‌కోర్ టికెట్ ఒక్కోదాంట్లో 2 డాలర్లు ఎలాగూ అక్కడికే వెళ్తాయి. పాపకి పన్నెండు లోపు కాబట్టి టికెట్ ఉండదు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి.

కూకట్‌పల్లి_పిన్ని (వెళ్ళొచ్చాక):

డిసెంబరు అయిపోతోంది, ఇప్పుడు తీరిక దొరికింది. ఆశ్రమం మానేశాం. వాళ్ళకి రావట్లేదని మెయిల్ పెడితే, పోనీ బియ్యం డబ్బులైనా పంపండని మూడు మెయిళ్ళొచ్చాయి.

ఆస్పత్రిలో మావారు రక్తం ఇచ్చారు. నేనూ ఇద్దామని వేలు చాపితే హిమోగ్లోబిన్ 11.2, వెళ్ళి బాగా తినమని నర్సు సైగ చేసింది. దేశం కాని దేశం వెళ్ళి రక్తహీనత బయటపడింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను.

సర్కస్‌కి వెళ్ళాం. అప్పట్నుంచీ పాప మంచం మీంచి దూకుతోంది, ఆ పాపం తాటిబెల్లం గారిదే.

ఒక్కటి మాత్రం మీరెవరూ చెప్పలేదు. బంతెయ్ క్దెయ్ గుడి మెట్ల దగ్గర మా పాపంతే ఉన్న పిల్ల పోస్టుకార్డులతో వచ్చింది. ఢిల్లీ అంది. మా పాప నవ్వి, తన పేరు చెప్పి, నీ పేరేంటని అడిగింది. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు, మా పాప మట్టిలో పుల్లతో ఇంటూ సున్నా ఆట గీసింది. రెండాటలు ఆ పిల్లే గెలిచింది. మూడోదాని మధ్యలో లేచి, "యూ బై?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. "నో బై, నో ప్లే" అని కార్డుల కట్ట చంకలో పెట్టుకుని ఇంకో గుంపు వైపు వెళ్ళిపోయింది. నియమం నియమమే, నేనేమీ కొనలేదు. టుక్‌టుక్‌లో హోటలుకి వచ్చేదాకా మా పాప నాతో మాట్లాడలేదు. మా అత్తగారు ఇప్పటికీ అంటున్నారు, ఒక్క డాలరు అనీ.

బెల్లం ఆరు చుట్టలు తెచ్చాం, సంక్రాంతి అరిసెలకని దాచాను. మా టుక్‌టుక్ బోంగ్ వారానికోసారి వాట్సాప్‌లో బండి ఫోటో పెడుతున్నాడు, మీ చుట్టాలెవరైనా వస్తున్నారా అని. ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, నంబరు విడిగా ఇస్తాను.